రాజ్-కోటిలో రాజ్ ఎవరు?

2023 మే 21, ఆదివారం. సెలవులకి అందరం ఇళ్లకి వెళ్లిపోయి ఉన్నాం. హాస్టల్ గ్రూపులో ఎవరో వార్త పెట్టారు, సంగీత దర్శకుడు రాజ్ హైదరాబాద్‌లో చనిపోయారని. దాని కింద వరసగా దండం పెట్టే బొమ్మలు. వాటి మధ్యలో మా దోస్తు ఒకడు అమాయకంగా అడిగాడు: "అదేందిరా, రాజ్-కోటి అంటే ఒక్కడు కాదా? మొన్ననే గదా టీవీల కనిపిచ్చిండు!"

అందరం వాడిమీద పడి నవ్వాం. నవ్వాక నాకు సిగ్గేసింది. ఎందుకంటే ఆ రోజు వరకు రాజ్ మొహం నేనూ చూడలేదు. కోటి గారిని పాటల పోటీల్లో జడ్జిగా చూశాం కాబట్టి గుర్తుపడతాం. రెండో ఆయన? చిన్న గీత పక్కన ఒక పేరు, అంతే. "హలో బ్రదర్" పాటలు చిన్నప్పటి నుంచి పెళ్లి బరాతుల్లో వింటూ పెరిగిన వాళ్లం, ఆ పాటలు కట్టిన వాళ్లలో సగం మంది ఎవరో మనకి తెలియదు.

అక్కడ మొదలైంది ఈ వ్యాసం. ఒక పెద్ద సంగీత దర్శకుడి దగ్గర, నలుగురితో కలిసి, పేరు బయటికి రాకుండా ఏళ్ల తరబడి పనిచేసిన వాళ్లు బయటికొచ్చాక ఏమవుతారు? కొందరు ఆస్కార్ దాకా వెళ్తారు, కొందరు పది సినిమాలు చేసి ఆగిపోతారు. తేడా ఎక్కడ? టాలెంట్ అని ఒక్క మాటలో తేల్చేయకండి. ఆ మాట తప్పు కాదు గానీ, దాంతో ఏమీ తెలియదు.

ముందు ఆ పాత మద్రాసు పద్ధతి ఏంటో కొంచెం చెప్పాలి. సినిమావాళ్లు "ఫలానా ఆయన దగ్గర చేశాను" అంటారు. ఆ "దగ్గర" అన్న చిన్న మాటలో పెద్ద వ్యవస్థ ఉంది. డెబ్బైలు, ఎనభైలలో తెలుగు సినిమాకి పెద్ద "దగ్గర" అంటే చక్రవర్తి గారి దగ్గర. అసలు పేరు కొమ్మినేని అప్పారావు, గుంటూరు జిల్లా మనిషి. డబ్బింగ్ కళాకారుడిగా కూడా చేశారు. 1971లో "మూగప్రేమ"తో సంగీత దర్శకుడయ్యారు. ఆ తర్వాత ఆయన చేసిన సినిమాలు 900 పైమాటే. ఇప్పుడు ఒక సంగీత దర్శకుడు ఏడాదికి ఐదారు సినిమాలు చేస్తే బిజీ అంటున్నాం. అప్పుడు ఆయన చేతిలో ఏడాదికి పదుల సినిమాలు ఉండేవి.

ఒక్క మనిషి వల్ల అయ్యే పనా అది? కాదు. పని పంచాలి. హార్మోనియం ముందు కూర్చుని దర్శకుడికీ, పాటల రచయితకీ ట్యూన్ వినిపించేది పెద్దాయన. ఆ ట్యూన్‌ని నొటేషన్‌గా రాసేది, పల్లవికీ చరణానికీ మధ్య వచ్చే మ్యూజిక్ అల్లేది, వయొలిన్లు ఏం వాయించాలో, ఫ్లూట్ ఎక్కడ రావాలో పంచి రాసేది, రికార్డింగ్ థియేటర్లో నిలబడి ఆర్కెస్ట్రాని నడిపించేది అసిస్టెంట్లు. అప్పట్లో ట్రాకులు విడివిడిగా తీసుకుని తర్వాత అతికించుకునే సుఖం తక్కువ. పెద్ద బృందం ఒకేసారి వాయించాలి. ఒకడు తప్పితే అందరూ మళ్లీ మొదటి నుంచి.

ఇంకా అసలైన శిక్షణ రీరికార్డింగ్‌లో. మనం బీజీఎం అంటున్నదే. వెయ్యి అడుగుల రీలు, సుమారు 11 నిమిషాలు. సినిమాకి పద్నాలుగు, పదిహేను, పదహారు రీళ్లు. రీలు ఒకసారి వేసి చూపిస్తారు. ఎక్కడ మొదలవ్వాలి, ఎక్కడ ఆగాలి, హీరో తలుపు తన్నేదాకా ఎన్ని సెకన్లు, లెక్క రాసుకోవాలి. అక్కడికక్కడే మ్యూజిక్ రాసి, తెరమీద బొమ్మ నడుస్తుంటే వాయించాలి. తర్వాత ఇంకో రీలు. ప్రాక్టికల్ ఎగ్జామ్‌లో ఎక్స్‌టర్నల్ నెత్తిన నిలబడి ఉండగా సర్క్యూట్ కనెక్ట్ చేయడం గుర్తు తెచ్చుకోండి. అలాంటిది రోజూ, నెలకి రెండు మూడు సినిమాలకి. ఇలా ఐదేళ్లు చేసిన వాడికి చేయి తిరగక ఏమవుతుంది?

అలా చేయి తిరిగిన ఇద్దరే రాజ్, కోటి. రాజ్ అంటే తోటకూర సోమరాజు, ఎన్టీఆర్ సినిమాలకి ఎన్నో మంచి పాటలిచ్చిన టి.వి.రాజు గారి కొడుకు. కోటి అంటే సాలూరి కోటేశ్వరరావు, "మల్లీశ్వరి" సాలూరి రాజేశ్వరరావు గారి కొడుకు. ఇద్దరూ సంగీత దర్శకుల కొడుకులే అయినా ఇద్దరూ చక్రవర్తి గారి దగ్గరే పని నేర్చారు. ఎనభైల మొదట్లో జంటగా బయటికొచ్చారు. "యముడికి మొగుడు", "ఖైదీ నెంబర్ 786" రెండూ 1988లోనే వచ్చాయి. అక్కడి నుంచి చక్రవర్తి గారి తర్వాత పెద్ద "దగ్గర" వీళ్లదే అయింది.

వీళ్ల దగ్గర ఎవరెవరు వాయించారో చూడండి. దిలీప్ అనే కుర్రాడు కీబోర్డు వాయించేవాడు, తర్వాత ఏ.ఆర్.రెహమాన్ అయ్యాడు. మచిలీపట్నంలో పుట్టిన మణిశర్మ కీబోర్డు. వాళ్ల నాన్న వై.ఎన్.శర్మ గారు సినిమా ఆర్కెస్ట్రాల్లో వయొలినిస్ట్. హారిస్ జయరాజ్ కూడా కొంతకాలం ఇక్కడ పనిచేసినవాడే. ఒక్క జంట కింద నుంచి ముగ్గురు! ఇటు చక్రవర్తి గారి దగ్గరే 1987 ప్రాంతంలో అసిస్టెంట్‌గా చేరిన కొవ్వూరు అబ్బాయి కీరవాణి. సింపుల్‌గా చెప్పాలంటే, దక్షిణాది సినిమా పాటని ముప్పై ఏళ్లు నడిపిన వాళ్లలో చాలామంది ఒకే ఇంటి మెట్ల మీద కూర్చుని ఎదిగారు.

ఇక్కడ మన బ్రాంచి వాళ్లకి నచ్చే విషయం ఒకటి ఉంది. ముగ్గురివీ కీబోర్డులే, గమనించారా? అది యాదృచ్ఛికం కాదని నా అభిప్రాయం. 1983లో యమహా డీఎక్స్7 వచ్చింది, అదే ఏడాది మిడి వచ్చింది. అప్పటి దాకా సంగీత దర్శకుడికి కుడిభుజం అంటే నొటేషన్ రాసేవాడు. కొత్త సింథసైజర్ వచ్చాక అందులో ఏ బటన్ నొక్కితే ఏ శబ్దం వస్తుందో తెలిసినవాడు కుడిభుజం అయ్యాడు. పెద్దాయన "ఇక్కడ ఏదో కొత్తగా ఉండాలయ్యా" అంటే ఆ కొత్తది ఏంటో కనిపెట్టేది కీబోర్డు కుర్రాడే. అంటే పాట పాటకీ సౌండు కుర్రాడిది, పేరు పెద్దాయనది. వినడానికి అన్యాయంలా ఉంటుంది, కానీ ఆ కుర్రాడికి జీతంతో పాటు దొరికింది ఇంకొకటి ఉంది: వేరేవాళ్ల ఖర్చుతో వందల ప్రయోగాలు. ఫ్లాప్ అయితే పోయేది పెద్దాయన పేరు.

మరి బయటికి రావడం ఎలా?

నేను ఈ వ్యాసం కోసం తేదీలు రాసుకుంటుంటే ఒక వరస కనిపించి ఆగిపోయాను. 1991, "క్షణక్షణం", సంగీతం కీరవాణి. 1992, "రాత్రి", నేపథ్య సంగీతం మణిశర్మ. 1993, "గాయం", సంగీతం శ్రీ. ముగ్గురికీ గుర్తింపు తెచ్చిన సినిమాలు, ముగ్గురికీ దర్శకుడు ఒకడే, రామ్‌గోపాల్ వర్మ. ఆ శ్రీ ఎవరో కాదు, చక్రవర్తి గారి సొంత కొడుకు. పాత ఫార్ములా వద్దు, కొత్త సౌండు కావాలని వెతికిన దర్శకుడికి ఆ కొత్త సౌండు ఎక్కడ దొరికింది? పాత ఫార్ములా వండిన వంటింట్లోనే. పెద్దాయన పేరు మీద వండుతున్న వాళ్లకి సొంతంగా వండాలన్న ఆకలి ఎంత ఉందో ఆయనకి తెలిసినట్టుంది. రెహమాన్ విషయంలో ఆ పని మణిరత్నం చేశారు. 1992లో "రోజా" ఇచ్చారు.

అంటే బయటికొచ్చేవాడికి మొదట కావాల్సింది అవకాశం ఒక్కటే కాదు. అవకాశం ఇచ్చేవాడు "మీ గురువు గారిలా చెయ్" అని కాకుండా "అలా మాత్రం చెయ్యకు" అనాలి. గురువు గారిలాంటి పాటే కావాలంటే నిర్మాత గురువు దగ్గరికే వెళ్తాడు కదా, శిష్యుడెందుకు?

కానీ ఒక్క తలుపు తెరుచుకుంటే అన్నీ తెరుచుకుంటాయని కాదు. మణిశర్మ కథలో నాకు బాగా నచ్చేది ఆ మధ్య ఖాళీ. "రాత్రి" బీజీఎంకి పేరొచ్చింది 1992లో. ఆయన పేరు మారుమోగిన "బావగారూ బాగున్నారా?", "చూడాలని వుంది" వచ్చింది 1998లో. మధ్యలో ఆరేళ్లు. ఆ లోపు ఇరవైల్లో ఉన్న కుర్రాడు ముప్పైల్లోకి వచ్చేశాడు. మనకి థర్డ్ ఇయర్‌లో ఇంటర్న్‌షిప్ రాకపోతేనే ఇంట్లో ముఖం చూపించం. ఆయన ఆ ఆరేళ్లూ వేరేవాళ్ల పాటలకి పనిచేస్తూనే ఉన్నాడు. ఆ తర్వాతేమో "ఒక్కడు", "పోకిరి". మధ్యలో కొన్నాళ్లు సందడి తగ్గినా 2019లో "ఇస్మార్ట్ శంకర్"తో మళ్లీ మన డీజేల మీదికి వచ్చేశాడు.

రెండో దారి గది. రెహమాన్ 1989 ప్రాంతంలో మద్రాసులో తన ఇంటి దగ్గరే పంచతన్ రికార్డ్ ఇన్ అనే స్టూడియో పెట్టుకున్నాడు. ఇప్పుడు హాస్టల్ రూములో లాప్‌టాప్ మీద చేసే పని మనకి వింతగా అనిపించదు. అప్పట్లో మాత్రం రికార్డింగ్ థియేటర్ అంటే గంటల లెక్కన అద్దె, బయట వేరే వాళ్లు వెయిటింగ్. సొంత గది ఉన్నవాడికే రాత్రి రెండింటికి ఒక ట్యూన్ చెరిపేసి మళ్లీ మొదలుపెట్టే స్వేచ్ఛ. "రోజా" పాటలు అలా వినిపించడానికి ఆ స్వేచ్ఛ కూడా ఒక కారణమేనని నేను నమ్ముతాను.

ఇప్పుడు మొదలుపెట్టిన చోటికి రావాలి. 1994లో "హలో బ్రదర్" వచ్చింది. ఊరూరా మోగింది. ఆ తర్వాత కొద్దికాలానికే రాజ్, కోటి విడిపోయారు. ఎందుకు అన్నది వాళ్లిద్దరి సంగతి, మనకి అక్కర్లేదు. తర్వాత జరిగింది మాత్రం అందరికీ కనిపించేదే. కోటి గారు అదే ఊపులో "పెదరాయుడు" చేశారు, తర్వాత "నువ్వే కావాలి", "నువ్వు నాకు నచ్చావ్", "నువ్వే నువ్వే", చివరికి "అరుంధతి". రాజ్ గారు 1995లో "సిసింద్రీ", మరుసటి ఏడాది "రాముడొచ్చాడు" చేశారు. ఆ తర్వాత సినిమాలు పలచబడ్డాయి, కొన్నాళ్లకి పేరు వినిపించడమే మానేసింది. "సిసింద్రీ" పాటలు ఒకసారి మళ్లీ వినండి. ఇవి చేసినాయనకి చేతకాదు అని అనగలరా?

పోయిన సెమిస్టర్‌లో నాకొక ఇంటర్వ్యూ అనుభవమైంది. రెజ్యూమెలో నలుగురం కలిసి చేసిన ప్రాజెక్టు రాసుకున్నాను. ఎదురుగా కూర్చున్న ఆయన అంతా విని, చాలా మర్యాదగా ఒక్కటే అడిగాడు, "ఇందులో మీరు చేసింది ఏది?" నేను చేశాను. నిజంగానే చేశాను. రాత్రుళ్లు కూర్చుని చేశాను. కానీ "మేము" అన్న మాట లేకుండా ఒక్క వాక్యం చెప్పలేకపోయాను. వాళ్లకి కావాల్సింది "నేను".

జంట పేరులో ఉన్న చిక్కు ఇదే. రాజ్-కోటి అన్నన్నాళ్లూ వందకు పైగా సినిమాల్లో ఏ ట్యూన్ ఎవరిదో, ఏ బీజీఎం ఎవరిదో బయటివాడికి తెలియదు. తెలియాల్సిన అవసరమూ రాలేదు. విడిపోయిన మర్నాడు మాత్రం ప్రతి నిర్మాతా మనసులో ఇదే ప్రశ్న వేసుకుని ఉంటాడు: అందులో ఈయన చేసింది ఏది? దానికి సాక్ష్యం ఏ క్యాసెట్ మీదా లేదు. అప్పుడు నిర్మాత ఒక అంచనా వేసుకుంటాడు. ఆ అంచనా ఒకరికి కలిసొస్తుంది, ఇంకొకరికి రాదు. ఇందులో ఎవరి తప్పూ లేదు, అందుకే ఇంకా బాధగా ఉంటుంది.

అలాగని జంట విడిపోతే ఒకరు మునగాల్సిందే అని రూలేం లేదు. లాస్ ఏంజిలెస్ పక్కన శాంటా మోనికాలో హాన్స్ జిమ్మర్‌కి ఇలాంటి పెద్ద "దగ్గర" ఒకటుంది. 1989లో జే రిఫ్కిన్‌తో కలిసి మీడియా వెంచర్స్ అని పెట్టాడు, ఇప్పుడు దాన్ని రిమోట్ కంట్రోల్ ప్రొడక్షన్స్ అంటున్నారు. జిమ్మర్ కూడా లండన్‌లో స్టాన్లీ మయర్స్ అనే పెద్దాయన దగ్గర నేర్చుకున్నవాడే. ఆ స్టూడియోలో జాన్ పావెల్, హ్యారీ గ్రెగ్‌సన్-విలియమ్స్ అని ఇద్దరు కలిసి "యాంట్జ్", "చికెన్ రన్", "ష్రెక్" చేశారు, అచ్చం మన రాజ్-కోటి లాగా. తర్వాత ఎవరి దారి వారిది. పావెల్ "బోర్న్" సినిమాలకీ, "హౌ టు ట్రైన్ యువర్ డ్రాగన్"కీ వెళ్లాడు. రెండో ఆయన "నార్నియా"కీ, "ది మార్షియన్"కీ వెళ్లాడు. ఇద్దరూ నిలబడ్డారు.

ఎందుకు నిలబడ్డారంటే, నాకు కనిపించే ఒక కారణం: జంటగా చేస్తున్న రోజుల్లోనే ఇద్దరికీ విడిగా కూడా పేరు పడుతూ వచ్చింది. "ఫేస్/ఆఫ్" సంగీతం 1997లోనే పావెల్ ఒక్కడి పేరు మీద వచ్చింది. పైగా ఆ స్టూడియోలో కింద పనిచేసిన వాళ్లకి "అడిషనల్ మ్యూజిక్" అని టైటిల్స్‌లో ఒక వరస ఉంటుంది. చిన్న అక్షరాలే, కానీ సాక్ష్యం. మన హాస్టల్లో సగం మంది రింగ్‌టోన్ "గేమ్ ఆఫ్ థ్రోన్స్" కదా, దాన్ని చేసిన రమిన్ జవాదీ అక్కడ అలా పనిచేసి వచ్చినవాడే. అక్కడ అంతా సవ్యంగా ఉందనుకోకండి. 2003లో వచ్చిన మొదటి "పైరేట్స్ ఆఫ్ ది కరీబియన్" మీద క్లాస్ బాడెల్ట్ పేరుంది, చేసింది మాత్రం ఒక జట్టు. జనం ఇప్పటికీ ఆ ట్యూన్‌ని జిమ్మర్‌దే అంటారు. పాపం బాడెల్ట్.

మన దగ్గర ఇంకో రకం బయటికి రావడం ఉంది, ఇంట్లోంచే బయటికి రావడం. కళ్యాణి మాలిక్ కీరవాణి గారి తమ్ముడు. అన్న దగ్గరే ఏళ్ల పాటు పనిచేసి 2003లో "ఐతే"తో సంగీత దర్శకుడయ్యాడు. "అష్టా చమ్మా", "ఊహలు గుసగుసలాడే" ఆయనవే. నా ప్లేలిస్టులో ఈ రెండూ తీసేస్తే వర్షాకాలంలో వినడానికి ఏమీ మిగలదు. అయినా చేసిన సినిమాలు తక్కువ. అన్నకి 2023లో "నాటు నాటు"కి ఆస్కార్ వచ్చిన ఇల్లే అది. చక్రవర్తి గారి అబ్బాయి శ్రీ కూడా అంతే. "సిందూరం" లాంటివి చేసి, లెక్కపెట్టగలిగినన్ని సినిమాలతో 2015లో వెళ్లిపోయారు. ఇంటిపేరు తలుపు దాకా తీసుకెళ్తుంది, లోపల కుర్చీ వేయదు.

తమన్‌ది వేరే రకం లెక్క. దర్శకుడు ఘంటసాల బలరామయ్య గారి మనవడు. నాన్న శివకుమార్ గారు చక్రవర్తి గారి దగ్గర డ్రమ్స్ వాయించారు. కొడుకు అదే కర్రలు పట్టుకుని మణిశర్మ దగ్గర చాలా ఏళ్లు పనిచేశాడు. మధ్యలో శంకర్ "బాయ్స్"లో నటించాడు. అందులో ఆ బొద్దుగా ఉండే కుర్రాడు ఆయనే, ఇంకా తెలియని ఫ్రెషర్స్ కోసం. 2009లో "కిక్"తో దొరికింది. అసిస్టెంట్ బుద్ధి ఆయనలో ఇంకా ఉంది అనిపిస్తుంది నాకు, మంచి అర్థంలోనే అంటున్నా. పాటలు వేరేవాళ్లవైనా "రాధే శ్యామ్" తెలుగుకి బీజీఎం చేసిపెట్టాడు. రీలు రీలుకీ లెక్క రాసుకుని వాయించిన ఆ పాత మద్రాసు పనే ఇది. పరికరాలే మారాయి. మణిశర్మ గారి అబ్బాయి మహతి స్వర సాగర్ కూడా 2018లో "ఛలో"తో పేరు తెచ్చుకున్నాడు.

ఓరుగల్లులో కూర్చుని రాస్తూ ఒక్క పేరు చెప్పకపోతే మా వింగ్ వాళ్లు నన్ను రూములోకి రానివ్వరు. చక్రి. అప్పటి మన వరంగల్ జిల్లా, మహబూబాబాద్ దగ్గర కంబాలపల్లి. ఆయన ఏ పెద్దాయన "దగ్గర" నుంచీ రాలేదు. మద్రాసు మెట్లు ఎక్కలేదు. ప్రైవేటు ఆల్బమ్స్ చేసుకుంటూ హైదరాబాద్‌లోనే తిరిగి, 2000లో "బాచి"తో సినిమాలోకి వచ్చాడు, మరుసటి ఏడాది "ఇట్లు శ్రావణి సుబ్రహ్మణ్యం". 2014 డిసెంబరులో నలభై ఏళ్లకే పోయాడు. జట్టులో పెరగడం ఒక్కటే దారి అని చెప్పేవాళ్లకి నేను చూపించేది ఆయన్నే. ఐతే ఇంకో సంగతీ ఒప్పుకోవాలి. ఇండస్ట్రీ హైదరాబాద్‌కి వచ్చేసి, కంప్యూటర్లో మ్యూజిక్ చేసుకునే రోజులు వచ్చాయి కాబట్టి కంబాలపల్లి నుంచి అలా నేరుగా రాగలిగాడు. 1985లో అయితే ఆయన కూడా కోడంబాక్కంలో ఎవరో ఒకరి ఇంటి మెట్ల మీద కూర్చోవాల్సి వచ్చేదేమో.

మొన్న ఆదివారం కామన్ రూము టీవీలో "హలో బ్రదర్" వస్తోంది. మొదట ప్రశ్న వేసిన ఆ దోస్తు, టైటిల్స్ పడుతుంటే అందర్నీ నోరు మూసుకోమన్నాడు. "సంగీతం: రాజ్-కోటి" అని పడగానే వేలు చూపించి "ఇద్దరురా, ఇద్దరు" అని కొత్తగా వచ్చిన జూనియర్లకి చెప్పాడు. ఆ తర్వాత కార్డులో చిన్న అక్షరాల్లో ఇంకా ఏవో పేర్లు వచ్చాయి. చదువుదామని ముందుకి వంగేలోపే మారిపోయింది.